రాన్సమ్‌వేర్ పడిన సిస్టమ్: ఏం ముట్టుకోకూడదు, ఏ వరసలో బాగుచేయాలి

పొద్దున షాపు తీసి సిస్టమ్ ఆన్ చేస్తే ట్యాలీలో కంపెనీ తెరుచుకోదు. ఫోల్డర్‌లోకి వెళ్తే ప్రతి ఫైలు పేరు చివరా ఎప్పుడూ చూడని తోక ఒకటి. పక్కన చిన్న టెక్స్ట్ ఫైలు, డబ్బు కడితే తాళంచెవి ఇస్తామని. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్సే రాన్సమ్‌వేర్. విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఆ తర్వాత జరిగేది దాదాపు ఒకటే. తెలిసిన సిస్టమ్ కుర్రాడికి ఫోన్ చేస్తారు, అతను వచ్చి ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేస్తాడు. వైరస్ పోతుంది. ఫైళ్లు తిరిగొచ్చే దారులూ దాంతోనే పోతాయి.

వైరస్‌ను తీసేయడం ఒక పని, అది తాళం వేసిన ఫైళ్లను తెరవడం ఇంకో పని. మొదటిది ఒక పూటలో అయిపోతుంది. రెండోదానికి కావాల్సిన సామగ్రి పాడైన డిస్కులోనే ఉంటుంది కాబట్టి, దాన్ని దాచుకున్నాకే మొదటి పనికి దిగాలి.

1. అసలు ఇది రాన్సమ్‌వేరేనా?

బ్రౌజర్ తెర నిండా ఎర్రగా "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తే అది వట్టి బెదిరింపు పేజీ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. ఆ నంబరుకు ఫోన్ చేయకండి. ఫైళ్లు మామూలుగానే తెరుచుకుంటాయి.

జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని వచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్లుగా మారితే అది షార్ట్‌కట్ వైరస్. అసలు ఫైళ్లు అక్కడే దాగి ఉంటాయి. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే చాలాసార్లు కనిపిస్తాయి. కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ కూడా తీసేయండి.

రాన్సమ్‌వేర్ అయితే సాధారణంగా ఈ మూడూ కలిసి ఉంటాయి:

☐ ఫైళ్ల పేర్లకు కొత్త ఎక్స్‌టెన్షన్ (చివరి తోక) తగిలి ఉంటుంది
☐ ఎక్స్‌టెన్షన్ తీసేసి పేరు పాతలా మార్చినా ఫైలు తెరుచుకోదు (ఒక కాపీ మీద మాత్రమే చూడండి)
☐ దాదాపు ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు అడిగే అదే ఉత్తరం (టెక్స్ట్ ఫైలు) ఉంటుంది

2. ఎలా లోపలికి వచ్చింది?

ఇది తేలకుండా బాగుచేస్తే వారంలో మళ్లీ అదే కథ.

క్రాక్, యాక్టివేటర్. అంటే సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా వాడుకోవడానికి నడిపే దొంగ ప్రోగ్రాములు. ఇళ్లలోనూ చిన్న దుకాణాల్లోనూ పెద్ద దారి ఇదే. స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే రాన్సమ్‌వేర్ కుటుంబం ముఖ్యంగా దీని మీదే బతికింది. విండోస్, ఆఫీస్ యాక్టివేట్ చేసేవి, డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, ఫొటోషాప్ క్రాక్‌లు, స్టూడియోల్లో ఆల్బమ్ ప్లగిన్లు, అన్నీ ఆ బాపతే. "ముందు యాంటీవైరస్ ఆపేసి రన్ చేయండి" అని ఆ సైటే చెబుతుంది, మనమే ఆపేస్తాం. రన్ కాగానే నకిలీ విండోస్ అప్‌డేట్ కిటికీ ఒకటి కనిపించవచ్చు. అప్‌డేట్ అవుతోందని మనం టీ తాగి వచ్చేలోగా అది తన పని ముగిస్తుంది.

దీనికి తోడు మరో అలవాటుంది. సిస్టమ్ వేసిచ్చేటప్పుడు యాక్టివేటర్‌కు అడ్డు రాకుండా, విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్‌లో సీ డ్రైవ్ మొత్తాన్ని మినహాయింపుల జాబితాలో పెట్టేస్తారు. డిఫెండర్ ఆన్‌లోనే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. ఇప్పుడే చూసుకోండి: విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ఎక్స్‌క్లూజన్స్. అక్కడ ఒక డ్రైవ్ పేరే ఉందంటే తాళం వేసిన తలుపుకు గోడ లేనట్టే.

రిమోట్ డెస్క్‌టాప్. ఇంటి నుంచి ఆఫీసు సిస్టమ్ చూసుకోవడానికి రౌటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే ద్వారం) తెరిచి పెడతారు. నెట్‌లో ఈ పోర్టు కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూనే ఉంటాయి. అడ్మిన్ 123 లాంటివి నిలవవు. ధర్మ, ఫోబోస్ కుటుంబాలు ఎక్కువగా ఈ దారిన వస్తాయి. మనిషే లోపలికి వచ్చి కూర్చుని, బ్యాకప్ ఎక్కడుందో చూసి, ముందు దాన్ని చెరిపి, తర్వాత తాళం వేస్తాడు. అదీ ఆదివారమో పండగ రాత్రో.

మెయిల్. మిర్చి ఎగుమతిదారులకు "పర్చేజ్ ఆర్డర్", ఆడిటర్ ఆఫీసులకు "జీఎస్‌టీ నోటీసు". జోడించిన జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను మెయిల్‌లోనే రాస్తారు. మెయిల్ స్కానర్ లోపలికి చూడలేకపోవాలనే ఆ ఏర్పాటు. లోపల ఇన్‌వాయిస్ పీడీఎఫ్ అని కనిపించేది నిజానికి ఈఎక్స్ఈ, అంటే క్లిక్ చేయగానే నడిచే ప్రోగ్రాము.

షేర్డ్ ఫోల్డర్. కౌంటర్ సిస్టమ్‌కు పడితే వెనక గదిలోని సిస్టమ్‌లో షేర్ చేసిన ఫోల్డర్ కూడా లాక్ అవుతుంది. వెనక గది సిస్టమ్‌లో అసలు వైరస్సే ఉండకపోవచ్చు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆ ఉత్తరం ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో ఓనర్ పేరు చూడండి. అందరూ ఒకే లాగిన్ వాడుతుంటే ఇది పనికిరాదు. అప్పుడు ఏ సిస్టమ్‌లో సొంత డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా పోయాయో అదే మూలం.

పాత విండోస్. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా తాకింది. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోని వాళ్లకే దెబ్బ. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి.

3. మొదటి పది నిమిషాలు

☐ లాన్ వైరు పీకండి, వైఫై ఆపండి. రౌటర్ దగ్గరుంటే దాన్నే ఆపేయడం ఇంకా త్వరగా అవుతుంది
☐ ఎక్స్‌టర్నల్ డిస్క్, పెన్‌డ్రైవ్, డిజిటల్ సంతకం టోకెన్ ఏవి తగిలించి ఉన్నా పీకేయండి
☐ మిగతా సిస్టమ్‌ల లాన్ వైర్లూ తీయండి, ఒక్కొక్కటి చూశాకే కలపండి
☐ తెర మీదున్న ఉత్తరాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి
☐ గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ అవుతుంటే వేరే సిస్టమ్ నుంచి ఖాతా తెరిచి ఏ ఫైళ్లు మారాయో చూసుకోండి

సిస్టమ్ ఆపేయాలా వద్దా? కళ్ల ముందే ఫైళ్ల పేర్లు మారుతుంటే, డిస్కు లైటు ఆగకుండా వెలుగుతుంటే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపేయండి. ఇంకా లాక్ కాని ఫైళ్లు మిగులుతాయి. పని అంతా అయిపోయి ఉత్తరం తెర మీద కూర్చుని ఉంటే తొందర లేదు, రీస్టార్ట్ మాత్రం చేయకండి. డీజేవీయూ బాపతు టాస్క్ షెడ్యూలర్‌లో "టైమ్ ట్రిగ్గర్ టాస్క్" పేరుతో తనను తాను పెట్టుకుంటుంది. సిస్టమ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ప్రతి ఐదు నిమిషాలకూ లేచి, కొత్తగా వచ్చిన ఫైళ్లనూ లాక్ చేస్తుంది. బ్యాకప్ డిస్కు ఉందిగా అని ఆ సిస్టమ్‌కే తగిలించిన వాళ్లు ఉన్న ఒక్క మంచి కాపీని దానికి అప్పజెప్పినట్టు.

4. ఫార్మాట్‌కు ముందు దాచాల్సినవి

అన్నిటికన్నా నిశ్చింతైన పద్ధతి: పాత డిస్కును ఊడదీసి పక్కన పెట్టి, కొత్త ఎస్ఎస్‌డీ వేసుకోవడం. ఖర్చు కొంచెం, మనశ్శాంతి ఎక్కువ. సిస్టమ్ కుర్రాడు వచ్చినా ముందు ఈ మాటే చెప్పండి.

అది కుదరకపోతే వేరే మంచి సిస్టమ్‌లో ఉబుంటు (విండోస్‌కు బదులు నడిచే ఉచిత సిస్టమ్) బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసుకుని (8 జీబీది సరిపోతుంది), ట్రై ఉబుంటుతో తెరిచి, ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. విండోస్ లేవదు కాబట్టి వైరస్సూ లేవదు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ సొంత తాళం) ముందే వేసి ఉండవచ్చు. అప్పుడు రికవరీ కీ కావాలి, అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది.

కాపీలో ఇవన్నీ ఉండాలి:

☐ లాక్ అయిన ఫైళ్లు, పేర్లు మార్చకుండా
☐ ఉత్తరం ఫైలు, కనీసం రెండు
☐ డీజేవీయూ అయితే సీ డ్రైవ్‌లో సిస్టమ్ఐడీ అనే ఫోల్డర్, అందులోని పర్సనల్ఐడీ ఫైలు
☐ ట్యాలీ డేటా ఫోల్డర్ మొత్తం. ఎక్కడుందో ట్యాలీలో డేటా పాత్ చూస్తే తెలుస్తుంది. నంబర్ల పేర్లతో ఉండే ఫోల్డర్లే కంపెనీలు

ఉత్తరాన్ని అసహ్యంతో చెరిపేసే వాళ్లున్నారు. మీ సిస్టమ్‌కు ఇచ్చిన గుర్తింపు సంఖ్య అందులోనే ఉంటుంది. అది పోతే రేపు తాళంచెవి బయటపడినా ఉపయోగం ఉండకపోవచ్చు.

5. ఏ కుటుంబమో తేల్చండి

వేరే సిస్టమ్ నుంచి, ఉచితంగా తాళం తీసే ప్రోగ్రాములు దొరికే నో మోర్ రాన్సమ్ సైటులో క్రిప్టో షెరిఫ్, లేదా ఐడీ రాన్సమ్‌వేర్ సైటు తెరవండి. ఉత్తరాన్ని, లాక్ అయిన ఒక ఫైలును ఎక్కించండి. ఆధార్, బ్యాంకు వివరాలున్న ఫైలు వద్దు, ఏదో ఒక కొటేషన్ చాలు.

కంటితో గుర్తుపట్టే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. ఉత్తరం పేరు రీడ్‌మీ, ముందు ఒక అండర్‌స్కోర్, అడిగింది 980 లేదా 999 డాలర్లు, 72 గంటల్లో కడితే సగం అంటే డీజేవీయూ. ఫైలు పేరు తర్వాత ఐడీ, ఆపైన చదరపు బ్రాకెట్లలో ఒక మెయిల్ చిరునామా, చివర ఎక్స్‌టెన్షన్ ఉంటే ధర్మ లేదా ఫోబోస్ బాపతు.

డీజేవీయూ అయితే ఇంకో మెట్టు ఉంది. పర్సనల్ ఐడీ చివర ఇంగ్లిష్ చిన్న "టీ", పక్కన 1 అంకె ఉంటే అది ఆఫ్‌లైన్ కీ. వైరస్ తన సర్వర్‌ను అందుకోలేక, వెంట తెచ్చుకున్న తాళాన్నే వాడిందన్నమాట. ఆ రకపు తాళంచెవి దొరికి ఉంటే ఎమ్సిసాఫ్ట్ కంపెనీ ఉచిత డిక్రిప్టర్ (తాళం తీసే ప్రోగ్రాము) తెరుస్తుంది. ఆన్‌లైన్ కీ అయితే తాళంచెవి మీ ఒక్కరికే చేసింది, అది ఆ దొంగల దగ్గరే ఉంటుంది.

6. వైరస్‌ను తీసేయడం

కొత్త ఎస్ఎస్‌డీ వేసిన వాళ్లు మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ చేసుకుని విండోస్ వేయండి. పాత డిస్కు ఆ సమయంలో తగిలించి ఉండకూడదు. పాత డిస్కు మీదే వేస్తుంటే, డేటా దాచుకున్నాకే, ఇన్‌స్టాల్ తెరలో పార్టిషన్లన్నీ డిలీట్ చేయండి. సీ ఒక్కటే ఫార్మాట్ చేసి డీ డ్రైవ్ వదిలేస్తే, డీలో ఉన్న ఆ క్రాక్ జిప్ మళ్లీ పలకరిస్తుంది.

ఫార్మాట్ అస్సలు కుదరదంటే ఈ వరసలో:

☐ షిఫ్ట్ నొక్కి పట్టి రీస్టార్ట్, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4. ఇది సేఫ్ మోడ్, ఇందులో క్రాక్ ఫైళ్లు చెరపండి
☐ మామూలు మోడ్‌లోకి వచ్చి టాస్క్ షెడ్యూలర్‌లో తెలియని టాస్కులు, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ వరస చూసి తీసేయండి
☐ కంట్రోల్ ప్యానెల్‌లో మీరు వేయని ప్రోగ్రాములు తీసేయండి
☐ డిఫెండర్ ఎక్స్‌క్లూజన్స్ అన్నీ తొలగించండి
☐ స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, రీస్టార్ట్ అయి పావుగంట పడుతుంది
☐ ఆపైన మాల్‌వేర్‌బైట్స్ లేదా ఎమ్సిసాఫ్ట్ ఎమర్జెన్సీ కిట్‌తో ఇంకోసారి

ఒక చిక్కు తరచూ వస్తుంది: యాంటీవైరస్ సైట్లు తెరుచుకోవు. డీజేవీయూ విండోస్ హోస్ట్స్ ఫైలులో ఆ సైట్ల పేర్లు రాసి అడ్డుకుంటుంది. సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లో ఉన్న హోస్ట్స్ ఫైలును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన నోట్‌ప్యాడ్‌లో తెరిచి, హాష్ గుర్తు లేని ఆ వరసలు తీసేయండి. మీ సాఫ్ట్‌వేర్ సర్వర్ పేరు అందులో ఉంటే దాన్ని ఉంచండి.

రిమోట్ డెస్క్‌టాప్ దారిన వచ్చిందని అనుమానముంటే ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ చూడండి. 4625 అంటే విఫలమైన లాగిన్. అవి వందల్లో ఉండి, తర్వాత లాగిన్ టైప్ 10తో (రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా) ఒక 4624, అంటే సఫలమైన లాగిన్, ఉంటే మనిషి అప్పుడే లోపలికి వచ్చాడు. లాగ్ ఖాళీగా ఉన్నా అనుమానించండి, పోయేముందు చెరిపేసి వెళ్లే వాళ్లే ఎక్కువ. ఇలాంటి సిస్టమ్‌ను స్కాన్‌తో సరిపెట్టకండి. కొత్తగా విండోస్ వేయాల్సిందే. అతను పెట్టిపోయిన అదనపు యూజర్ ఖాతా స్కాన్‌కు వైరస్‌గా కనిపించదు.

7. ఫైళ్లు తిరిగి తెచ్చుకునే దారులు

ఏదైనా సరే కాపీ మీద చేయండి, అసలు మీద కాదు.

డిక్రిప్టర్. ముందు పది ఫైళ్ల మీద నడపండి. తెరుచుకుంటే మొత్తానికి వెళ్లండి. "డిక్రిప్ట్ వైరస్" అని వెతికితే యూట్యూబ్ వీడియో కింద దొరికే టూల్ ఇంకో వైరస్. నో మోర్ రాన్సమ్ చూపించే వాటిని దాటి వెళ్లకండి.

షాడో కాపీలు. ఇవి విండోస్ దాచే పాత కాపీలు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్. చాలా రాన్సమ్‌వేర్లు ముందుగా వీటినే చెరుపుతాయి కానీ మధ్యలో పవర్ పోయిన సిస్టమ్‌లలో మిగిలిన సందర్భాలుంటాయి. నిమిషం పని, చూడండి.

చెరిగిన ఫైళ్లు. కొన్ని రకాలు లాక్ అయిన కాపీని చేసి అసలును డిలీట్ చేస్తాయి. పాత హార్డ్ డిస్కు అయితే ఫొటోరెక్ లాంటి వాటితో కొంత దొరుకుతుంది. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ (చెరిగిన చోటును ఖాళీ చేసేసే ఏర్పాటు) వల్ల ఆశ తక్కువ.

ఫొటో, వీడియో స్టూడియోలకు. డీజేవీయూ వేగం కోసం ప్రతి ఫైలులో మొదటి 150 కేబీ మాత్రమే లాక్ చేస్తుంది. రెండు జీబీల పెళ్లి వీడియోలో మిగతాదంతా చెక్కుచెదరదు. అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌లో తీసిన ఒక మంచి వీడియోను నమూనాగా ఇచ్చి వీడియో రిపేర్ ప్రోగ్రాముతో తల భాగం మళ్లీ కట్టించవచ్చు. పెద్ద జేపెగ్ ఫొటోలు కూడా పైభాగం పోయి కొంత దక్కుతాయి. వీటికన్నా ముందు కెమెరా మెమరీ కార్డులు చూడండి. కార్డు ఫార్మాట్ చేసినా దాని మీద కొత్త షూట్ తీయకపోతే ఫొటోరెక్‌తో వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆ పూట నుంచి ఆ కార్డులు వాడకండి. ట్యాలీ ఫైళ్లకు ఈ కిటుకు పనిచేయదు.

లెక్కలు మళ్లీ కట్టుకోవడం. డిస్కులో పోయినా బయట చాలా కాపీలుంటాయి. రిటర్నులకని మీ ఆడిటర్‌కు పంపిన ట్యాలీ బ్యాకప్ ఆయన దగ్గరే ఉంటుంది. జీఎస్‌టీ పోర్టల్‌లో దాఖలు చేసిన జీఎస్‌టీఆర్-1, కొనుగోళ్లకు జీఎస్‌టీఆర్-2బీ, ఈ-వే బిల్లులు. బ్యాంకు స్టేట్‌మెంట్లు. పార్టీలకు వాట్సాప్‌లో పంపిన బిల్లుల పీడీఎఫ్‌లు, మెయిల్‌లో సెంట్ ఫోల్డర్. మిర్చి యార్డు కమిషన్ దుకాణమైతే రైతులకు రాసిచ్చిన పట్టీల కార్బన్ కాపీలు. ఆడిటర్ బ్యాకప్ తారీఖు నుంచి ఈ రోజు దాకా ఉన్న ఖాళీని వీటితో పూరించండి. విసుగు పుట్టించే పనే, కానీ నమ్మకమైన దారి.

క్లౌడ్. మైక్రోసాఫ్ట్ 365 చందా ఉంటే వన్‌డ్రైవ్‌ను గత 30 రోజుల్లో ఏ క్షణానికైనా వెనక్కు తిప్పవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో ఫైలుకు మేనేజ్ వెర్షన్స్ ఉంటుంది, అదీ మామూలుగా 30 రోజులే. ఆలస్యం చేయకండి.

8. డబ్బు, మధ్యవర్తులు, ఫిర్యాదు

కడితే తాళంచెవి వస్తుందన్న హామీ ఏదీ లేదు. వచ్చినా పెద్ద ఫైళ్లు పాడయ్యే తెరుచుకోవచ్చు. ఇంకో రకం కూడా ఉంది: "వంద శాతం రికవరీ" అని ఫోన్ చేసే మధ్యవర్తులు. ఆన్‌లైన్ కీతో లాక్ అయిన వాటిని తెరిచే మంత్రం వాళ్ల దగ్గర లేదు. లోపాయికారీగా తాళం వేసిన దొంగలకే డబ్బు కట్టి, పైన తమ వాటా కలిపి మీ దగ్గర వసూలు చేసే బేరం ఇందులో ఉంటుంది.

ఫిర్యాదు 1930కి ఫోన్ చేసి గానీ జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ చేయండి. స్థానిక సైబర్ క్రైమ్ పోలీసులకూ ఇవ్వవచ్చు. ఉత్తరం ఫొటో, అందులోని మెయిల్ చిరునామాలు, మొదటి ఫైలు లాక్ అయిన సమయం రాసివ్వండి. కంపెనీలు, సంస్థలు అయితే గమనించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి, 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం. రోగుల వివరాలుండే ల్యాబ్‌లు ఈ గడువును తేలిగ్గా తీసుకోకూడదు.

9. పాస్‌వర్డ్‌లు

డీజేవీయూ తరచూ ఒంటరిగా రాదు, పాస్‌వర్డ్‌లు దోచే ఇంకో ప్రోగ్రామును వెంట తెస్తుంది. బ్రౌజర్‌లో సేవ్ చేసినవన్నీ పోయినట్టే లెక్క. ఫోన్ నుంచి గానీ వేరే మంచి సిస్టమ్ నుంచి గానీ ఈ వరసలో మార్చండి: మెయిల్, బ్యాంకు, జీఎస్‌టీ, ఆదాయపు పన్ను, ఆపైన మిగతావి. మెయిల్ ముందు ఎందుకంటే మిగతా వాటి రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి. పాస్‌వర్డ్ మార్చాక అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కూడా నొక్కండి, లేకపోతే దొంగిలించిన లాగిన్ అలాగే నడుస్తూ ఉండవచ్చు.

10. మళ్లీ పడకుండా

☐ రోజువారీ బిల్లింగ్‌కు స్టాండర్డ్ యూజర్, అడ్మిన్ పాస్‌వర్డ్ యజమాని దగ్గర
☐ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్
☐ రౌటర్‌లో 3389 మూసివేత, రిమోట్ పని తప్పకపోతే వీపీఎన్ మీదుగానే
☐ డిఫెండర్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్. ట్యాలీ సేవ్ కావట్లేదంటే అదే అడ్డుకుంది, అనుమతించిన యాప్‌లలో ట్యాలీని కలపండి
☐ షేర్డ్ ఫోల్డర్‌లో ఎవ్రీవన్ పేరు తీసేసి, అవసరమైన వాళ్లకే

బ్యాకప్‌కు రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు తీసుకోండి. మంగళవారం ఒకటి, శుక్రవారం రెండోది. కాపీ అయ్యేంతసేపే తగిలించండి. ఒకటి ఎప్పుడూ షాపులో కాకుండా ఇంట్లో ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు నీళ్లలో మునిగిన దుకాణాలకు రాన్సమ్‌వేర్ అక్కర్లేకపోయింది. డీ డ్రైవ్‌లో తీసిన ట్యాలీ బ్యాకప్ బ్యాకప్ కాదు, సీతోపాటే లాక్ అవుతుంది. నెలకోసారి బ్యాకప్‌ను వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి నిన్నటి వోచర్ కనిపిస్తుందో లేదో చూడండి.

11. పాత డిస్కును ఏం చేయాలి?

తెరుచుకోని ఫైళ్లున్న డిస్కును పాత సామానులో వేయకండి. ఫోబోస్ తాళాలకు జపాన్ పోలీసులు ఉచిత డిక్రిప్టర్ ఇచ్చింది 2025 జులైలో. అప్పటికే ఏళ్ల తరబడి డిస్కులు దాచుకున్న వాళ్లకు అది పనికొచ్చింది, ఫార్మాట్ చేసిన వాళ్లకు పనికి రాలేదు.

డిస్కు మీద చీటీ అంటించండి: పడిన తేదీ, కుటుంబం పేరు, ఎక్స్‌టెన్షన్, పర్సనల్ ఐడీ. "ఏ సిస్టమ్‌కూ తగిలించవద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి, గుమాస్తా ఖాళీ డిస్కు అనుకుని వాడేయకుండా. మూడు నెలలకోసారి నో మోర్ రాన్సమ్‌లో ఆ పేరుతో వెతకండి.